ఒకటో క్లాసు నుంచి డిగ్రీ దాకా పిల్లల రికార్డు తెగిపోకుండా చూస్కోవడం ఎలా: పెన్, అపార్, టీసీ, ఆధార్ అన్నీ వరసగా

జూన్ వచ్చిందంటే మా నెట్ సెంటర్‌కి వచ్చే అమ్మల చేతిలో ఒక కవరు ఉంటాది, బట్టల షాపులో ఇచ్చిన ప్లాస్టిక్ కవరు, అందులో నాలుగు మడతలు పెట్టిన ఆధార్ జెరాక్సులు, రేషన్ కార్డు, ఎప్పటిదో టీసీ, పిల్లాడి పాస్‌పోర్టు ఫొటో ఒకటి. "బాబూ, మా గుంటడికి డబ్బులు పడనేదు, పేరు తప్పుందంట, బేగి సూడు" అంటారు. చూస్తే తప్పు ఈ సంవత్సరం జరిగింది కాదు, ఒకటో క్లాసులో చేర్చిన రోజున జరిగింది, ఎనిమిదేళ్ళు ఎవరూ చూడలేదు అంతే. చీపురుపల్లి పక్కన సెంటర్ పెట్టి చాలా ఏళ్ళయింది, రోజూ ఒకటే మాట నలుగురికి చెప్తున్నాను కాబట్టి ఈసారి మొత్తం వరసగా రాసేస్తున్నా, మీ ఇంట్లో చదువుకునే పిల్లలుంటే ఒక ఆదివారం పూట కూర్చుని ఇది పక్కన పెట్టుకుని చూస్కోండి.

ముందు అసలు ఏ నంబర్ ఏంటో తేల్చుకోవాలి, ఎందుకంటే సగం గొడవ ఇక్కడే.

స్కూలుకి ఒక కోడ్ ఉంటుంది, యూడైస్ కోడ్ అంటారు, యూడైస్ అంటే దేశంలో స్కూళ్ళన్నిటి వివరాలు ఉండే గవర్నమెంటు ఆన్‌లైన్ రికార్డు, ఆ కోడ్ 11 అంకెలు, మన రాష్ట్రంలో 28తో మొదలవుతుంది. పిల్లాడికి ఒక నంబర్ ఉంటుంది, పెన్ అంటారు, పర్మనెంట్ ఎడ్యుకేషన్ నంబర్, అది కూడా 11 అంకెలే. అందుకే ఫారంలో పెన్ రాయమంటే చాలామంది స్కూల్ కోడ్ రాసేస్తున్నారు. మీ దగ్గరున్న నంబర్ ఏదో అనుమానం వస్తే ఒక తేలిక పని ఉంది, పక్కింటి పిల్లాడు అదే స్కూల్ అయితే వాడి నంబర్ కూడా చూడండి, ఇద్దరిదీ ఒకటే అయితే అది స్కూల్‌ది, మీవాడిది కాదు. అలాగే అపార్ అని పిల్లాడి మార్కులు, సర్టిఫికెట్లు ఒకచోట ఉంచే నంబర్ ఇంకోటి, అది 12 అంకెలు, ఆధార్ కూడా 12 అంకెలే, ఇవి రెండూ తారుమారు చేసేవాళ్ళు ఇంకా ఎక్కువ. ఒక తెల్లకాయితం మీద పిల్లాడి పేరు రాసి కింద నాలుగు వరసలు వేసి, ఏ నంబర్ ఏదో తెలుగులో పక్కన రాసి పెట్టుకోండి. ఆ కాయితాన్ని ఫోన్‌లో ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో మాత్రం పెట్టకండి, పిల్లాడికి అపార్ వచ్చిందని సంబరపడి పెట్టినవాళ్ళని చూశాను, ఆధార్ నంబర్‌తో సహా.

ఇదంతా ఎందుకు వచ్చిందంటే, ఇదివరకు యూడైస్ లెక్కల్లో స్కూల్లో ఎంతమంది మగపిల్లలు, ఎంతమంది ఆడపిల్లలు అని సంఖ్యలే పంపేవారు. 2022-23 నుంచి యూడైస్ ప్లస్‌లో ఒక్కో పిల్లాడి పేరుతో విడివిడిగా రికార్డు పెడుతున్నారు. అంటే మీ పాప ఏ ఊళ్ళో ఏ స్కూల్లో ఏ క్లాసులో ఉందో, పై క్లాసుకి వెళ్ళిందో, మానేసిందో, అంతా ఒక గొలుసులా వెళ్తుంది. గొలుసు బాగుంటే మీరు ఏమీ చెయ్యక్కర్లేదు. తెగేదెప్పుడంటే స్కూల్ మారినప్పుడు, పేరు తేడా వచ్చినప్పుడు, పదో క్లాసు అయిపోయి వేరే దారిలోకి వెళ్ళినప్పుడు.

మొదటి పని: పేరు ఒకటి తేల్చుకోవడం

బర్త్ సర్టిఫికెట్, ఆధార్, స్కూల్ రికార్డు ఈ మూడూ బల్ల మీద పెట్టండి. తెలుగులో చదివి ఒకటే ఉంది అనుకోకండి, కంప్యూటర్ పోల్చేది ఇంగ్లీషు అక్షరాలు. మన విజయనగరం చుట్టుపక్కల పైడితల్లమ్మ పేరు లేని ఇల్లుంటుందా, పైడిరాజు, పైడితల్లి, పైడమ్మ. ఆ పైడిరాజునే ఒక ఆఫీసులో పీ తర్వాత వై వేసి రాస్తారు, ఇంకో ఆఫీసులో పీ తర్వాత ఏ, ఐ వేసి రాస్తారు. మనకి ఇద్దరూ ఒకటే పైడిరాజు, కంప్యూటర్‌కి ఇద్దరు మనుషులు. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తిగా, ఇంకోచోట పేరు చివర్న. అప్పలనాయుడు మధ్యలో ఖాళీ ఉందా లేదా, సింహాచలంలో హెచ్ ఎక్కడుంది, ఇవన్నీ వేలు పెట్టి ఒక్కో అక్షరం చదవాలి. పుట్టిన తేదీ, ఆడా మగా అన్నదీ, అమ్మ పేరు, నాన్న పేరు కూడా అంతే. అమ్మ పేరు దగ్గర చాలాచోట్ల పుట్టింటి ఇంటిపేరు ఒకదాంట్లో, అత్తింటిది ఒకదాంట్లో ఉంటుంది, అది కూడా రాసుకోండి.

తేడా కనపడింది అనుకోండి, ఏది మార్చాలి? ఇక్కడే తొందరపడొద్దు అని చేతులెత్తి దండం పెట్టి చెప్తున్నా. ఆధార్‌లో పుట్టిన తేదీ మామూలుగా ఒక్కసారే మార్చుకోనిస్తారు, పేరు రెండుసార్లు. ఆ ఒక్క ఛాన్సు తప్పుడు తేదీకి వాడేసి, తర్వాత బర్త్ సర్టిఫికెట్ చేతికొచ్చాక తల పట్టుకున్నవాళ్ళు ఉన్నారు. నేను చెప్పే పద్ధతి ఇది. పదో క్లాసు ఇంకా అవ్వలేదంటే బర్త్ సర్టిఫికెట్‌ని పట్టుకోండి, అందులో తప్పుంటే ముందు పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో అదే దిద్దించండి, తర్వాత దాన్ని చూపించి ఆధార్, ఆ తర్వాత స్కూల్. పదో క్లాసు పాసైపోయింది, సర్టిఫికెట్ వచ్చేసింది అంటే లెక్క మారిపోతుంది, ఇక ఆ సర్టిఫికెటే పెద్దది, ఉద్యోగానికైనా పాస్‌పోర్టుకైనా అందులో తేదీనే అడుగుతారు, కాబట్టి ఆధార్‌ని దానికి తగ్గట్టు మార్చుకోవాలి. అన్నట్టు 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకి స్కూల్లో చేర్చడానికైనా ఆధార్‌కైనా పుట్టిన తేదీకి ఆధారం బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే అని చట్టం మార్చారు, ఇంట్లో చంటిపిల్లలుంటే ఆ కాయితం ఇప్పుడే తీసి చదవండి.

ఒక విషయంలో మాత్రం భయపడకండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి కదా, రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరానికి వచ్చింది, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్ళింది. పాత కాయితాల్లో పాత జిల్లా ఉంటే అది తప్పు కాదు, ఆ రోజుకి అదే నిజం. దానికోసం పాత టీసీలు దిద్దించమని ఎవరన్నా డబ్బులడిగితే ఇవ్వకండి.

రెండో పని: స్కూల్‌కెళ్ళి స్క్రీన్ మీద చూడడం

స్కూళ్ళు తెరిచిన పది పదిహేను రోజులకి, జూన్ ఆఖర్లో వెళ్తే మంచిది, మొదటివారంలో మేస్టార్లకి ఊపిరాడదు. హెచ్‌ఎం గారినో యూడైస్ చూసే మేస్టారినో మర్యాదగా అడగండి, "మా పాప రికార్డు ఒకసారి చూపిస్తారా, పేరు చూస్కుంటాం" అని. మీ తెల్లకాయితం పక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చండి. ఆధార్‌తో సరిపోయిందా లేదా అన్నది కూడా అక్కడే కనపడుతుంది, సరిపోలేదంటే ఎక్కడ తేడా వచ్చిందో అడిగి రాసుకోండి. పెన్ నంబర్ ప్రోగ్రెస్ కార్డు వెనకాల రాయమనండి. యూడైస్ లెక్కకి సెప్టెంబరు 30ని గుర్తుగా పెట్టుకుంటూ వచ్చారు, అందుకని ఆగస్టులోపే దిద్దించుకుంటే మేస్టార్లకీ మీకూ తేలిక.

మేస్టార్ల గురించి ఒక మాట చెప్పాలి, చాలామంది పాపం రాత్రి పది దాకా ఇంట్లో కూర్చుని సర్వర్ దొరికినప్పుడు ఈ ఎంట్రీలు వేస్తారు, నాకు తెలుసు, నాకే ఫోన్ చేసి అడుగుతారు. మనం కాయితాలు సరిగ్గా తీసుకెళ్తే వాళ్ళకి సగం పని తగ్గుతుంది.

మూడో పని: ఆధార్ వేలిముద్రలు, ఫోన్ నంబర్

అయిదేళ్ళలోపు తీసిన ఆధార్‌లో వేలిముద్రలుండవు. అయిదేళ్ళు నిండాక ఒకసారి, పదిహేను నిండాక ఇంకోసారి వేలిముద్రలు, కళ్ళు, ఫొటో కొత్తగా ఇవ్వాలి. అయిదు నుంచి ఏడులోపు, పదిహేను నుంచి పదిహేడులోపు వెళ్తే డబ్బులు తీసుకోరు. పదిహేను నిండడం అంటే పదో క్లాసు, అటూ ఇటూగా. అది చేయించకుండా ఇంటర్‌లో, డిగ్రీలో వేలిముద్ర పెట్టమంటే పడదు, అప్పుడు పరిగెత్తాల్సొస్తుంది.

ఫోన్ నంబర్ సంగతి దీనికన్నా పెద్దది, ముఖ్యంగా మన జిల్లాలకి. కిందటేడు భోగాపురం వైపు తీరం ఊళ్ళో ఒకావిడ కూతురిని తీసుకుని వచ్చింది, డిజీలాకర్, అంటే సర్టిఫికెట్లు ఆన్‌లైన్‌లో దాచుకునే గవర్నమెంటు యాప్, తెరవాలి, ఓటీపీ వెళ్తోంది, మాకు రావట్లేదు. పాప ఆధార్‌కి ఉన్న నంబర్ నాన్నది, నాన్న గుజరాత్‌లో వీరావల్‌లో బోటు మీద ఉన్నాడు. ఫోన్ చేస్తే స్విచాఫ్, వేటకెళ్తే మళ్ళీ ఒడ్డుకి ఎప్పుడొస్తాడో తెలీదు. ఆ అమ్మాయి అలా ఫోన్ వైపు చూస్తూ నా బెంచీ మీద మధ్యాహ్నం రెండింటి దాకా కూర్చుంది, చివరికి వాళ్ళమ్మ "పద, ఇంటికెల్దాం" అని లేచింది. చెన్నైలో, హైదరాబాద్‌లో పనికెళ్ళిన ఇళ్ళల్లో కూడా ఇదే కథ. ఇంట్లో ఎవరు ఉంటారో వాళ్ళ నంబర్, అమ్మదో నాయనమ్మదో, పిల్లల ఆధార్‌కి ఇప్పించండి. ఒకే నంబర్ ఇద్దరు ముగ్గురు పిల్లలకి ఇచ్చినా పర్వాలేదు. దీనికి పిల్లల్ని వెంటబెట్టుకుని ఆధార్ సెంటర్‌కి వెళ్తే అవుతుంది. ఆ తర్వాత ఆ సిమ్‌ని రీచార్జి లేక వదిలెయ్యకండి.

నాలుగో పని: అపార్ ఒప్పుకోలు కాయితం

అపార్ అంటే ఆటోమేటెడ్ పర్మనెంట్ అకడమిక్ అకౌంట్ రిజిస్ట్రీ, మార్కులు, సర్టిఫికెట్లు అన్నీ ఒక నంబర్ కింద డిజీలాకర్‌లో ఉండేలా పెట్టింది. స్కూల్ వాళ్ళు ఒక ఫారం ఇస్తారు, అమ్మో నాన్నో సంతకం పెట్టాలి. పిల్లాడి చేతికిచ్చి పంపితే బస్సులో సంతకం పెట్టేసి తెస్తున్నారు, అలా చెయ్యకండి, చదవండి. అది తల్లిదండ్రుల ఇష్టంతో ఇచ్చే కాయితం, తర్వాత వద్దనుకుంటే వెనక్కి తీసుకోవచ్చు, ఆ మాట ఆ ఫారంలోనే ఉంటుంది. నా వరకు నేను మా పిల్లలకి ఇచ్చాను, కాలేజీలో చేరేటప్పుడు దీని అవసరం ఉంది కాబట్టి. కానీ ఆలోచించుకుని ఇవ్వాలనుకునేవాళ్ళ మీద ఎవరూ గట్టిగా అరవకూడదు, పిల్లల వివరాలు వాళ్ళవి, అడిగి తీసుకోవాల్సినవి.

పేరు, పుట్టిన తేదీ, ఆడా మగా మూడూ యూడైస్‌లో, ఆధార్‌లో ఒకేలా లేకపోతే అపార్ తయారవ్వదు. మొదటి పని ఎందుకంత గట్టిగా చెప్పానో ఇప్పుడు అర్థమయ్యుంటుంది. నంబర్ వచ్చాక డిజీలాకర్‌లో పిల్లల ఆధార్‌తో ఖాతా తెరిచి, ఇష్యూడ్ డాక్యుమెంట్స్‌లో కార్డు వచ్చిందో లేదో చూడండి. అపార్ చేయిస్తాం ఓటీపీ చెప్పండి అని ఎవరన్నా ఫోన్ చేస్తే చెప్పొద్దు, స్కూల్లో ఎదురుగా కూర్చున్నప్పుడు తప్ప.

అయిదో పని: స్కూల్ మారేటప్పుడు

ఎక్కువ రికార్డులు తెగేది ఇక్కడే. పిల్లాడు వెళ్ళిపోయాడు అని పాత స్కూల్ వాళ్ళు యూడైస్‌లో చూపిస్తే పేరు డ్రాప్ బాక్స్ అనే చోటుకి వెళ్తుంది. కొత్త స్కూల్ వాళ్ళు పెన్, పుట్టిన తేదీ వేసి అక్కడ్నుంచి లాగుతారు. పాతవాళ్ళు వదలకపోతే కొత్తవాళ్ళు ఏమీ చెయ్యలేరు, పిల్ల ఇక్కడ బెంచీ మీద ఉంటుంది, పేరు అక్కడ ఉంటుంది.

మా అక్క వాళ్ళు బిల్డింగు పనులకని రెండేళ్ళు హైదరాబాద్‌లో ఉండి తిరిగొచ్చారు. మేనకోడలు అక్కడొక ప్రైవేటు స్కూల్లో అయిదు దాకా చదివింది. ఫీజు కొంత బాకీ ఉంది, అది కట్టేదాకా టీసీ ఇవ్వం అన్నారు, ఆన్‌లైన్‌లోనూ వదల్లేదు. ఊళ్ళో హైస్కూల్ పెద్ద మేస్టారు మంచాయన, పిల్లని ఆరో క్లాసులో కూర్చోబెట్టారు. విద్యాహక్కు చట్టం 2009లో అయిదో సెక్షన్ అదే చెప్తుంది, ఎనిమిదో క్లాసు లోపు పిల్లలు గవర్నమెంటు స్కూల్‌కో ఎయిడెడ్ స్కూల్‌కో మారుతుంటే టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు, టీసీ వెంటనే ఇవ్వని హెడ్‌మాస్టర్ మీద చర్య కూడా తీసుకోవచ్చు. ఈ మాట మా అక్కకి ముందే తెలిసుంటే జూన్‌లోనే ధైర్యంగా అడిగేది. ఎవరో "కొత్తగా ఎంట్రీ వేసేద్దాం, పాతది వదిలేయండి" అన్నారంట, పెద్ద మేస్టారు ఒప్పుకోలేదు, ఆయనకి ఎంత రుణపడ్డామో. అలా వేస్తే ఒకే పిల్లకి రెండు పెన్‌లు, ఒకటి నుంచి అయిదు దాకా చదివింది గాల్లో కలిసిపోతుంది, తర్వాత దాన్ని కలపడానికి తిరగాలి. చివరికి ఎంఈఓ, అంటే మండల విద్యాశాఖ అధికారి ఆఫీసులో కాయితం పెట్టి, అక్కడి వాళ్ళతో మాట్లాడించి, నవంబరులో పేరు వదిలించారు.

కాబట్టి ఊరు వదిలి వెళ్తున్నారంటే, పనికైనా సరే, స్కూల్లో చెప్పి వెళ్ళండి. టీసీ చేతికి తీసుకోండి, దాని మీద పెన్ ఉందో లేదో చూడండి, లేకపోతే అక్కడే రాయించండి. వారం తర్వాత ఫోన్ చేసి "ఆన్‌లైన్‌లో వదిలారా" అని అడగండి. ఇచ్ఛాపురం, మందస వైపు వాళ్ళకి ఒడిశా స్కూళ్ళతో రాకపోకలుంటాయి, వేరే రాష్ట్రం నుంచి లాగడానికి కూడా అందులో దారి ఉంది, యూడైస్ దేశమంతా ఒకటే, కాబట్టి ఒడిశా నుంచి వచ్చాడని కొత్త ఎంట్రీ వెయ్యక్కర్లేదు, పెన్ ఇవ్వండి.

ఆరో పని: తొమ్మిది, పది

తొమ్మిదిలో ఉండగానే అన్నీ దిద్దించేసుకోవాలి. పదిలో నామినల్ రోల్స్ తయారవుతాయి, పరీక్షకి వెళ్ళే పిల్లల వివరాల జాబితా అది. ప్రింటు తీసి పిల్లలతో సంతకం పెట్టిస్తారు, ఆ రోజు పిల్లాడితో చెప్పండి, ఊరికే సంతకం పెట్టకు, పేరు, అమ్మానాన్నల పేర్లు, తేదీ, పుట్టుమచ్చలు, భాష, ఫొటో అన్నీ చూడు అని. వీలైతే మీరే వెళ్ళండి. అక్కడ దిద్దితే ఒక పెన్నుతో పోయే పని, సర్టిఫికెట్ వచ్చాక అయితే హెచ్‌ఎం ద్వారా పరీక్షల విభాగానికి వెళ్ళి నెలలు పట్టే పని.

పది తర్వాత ఇంటర్ అయితే పెన్ అదే సాగుతుంది, యూడైస్ 12 దాకా ఉంది కాబట్టి. కాలేజీలో చేరిన రోజునే ఆ తెల్లకాయితం ఇవ్వండి. పాలిటెక్నిక్, ఐటీఐలో చేరితే యూడైస్‌లో ఉండరు, అప్పుడు పిల్లాడు చదువు మానేసినట్టు కనపడొచ్చు, స్కూల్ వాళ్ళో క్లస్టర్ మేస్టారో ఇంటికి ఫోన్ చేసి అడుగుతారు. కోప్పడకండి, అడ్మిషన్ కాయితం ఫొటో పంపండి. నిజంగా మానేసిన పిల్లల్ని వెతకడానికే వాళ్ళు తిరుగుతున్నారు, మనవాళ్ళని ఆ జాబితాలోంచి తీసేస్తే వాళ్ళు అసలైన పిల్లల దగ్గరికి బేగి వెళ్తారు.

డబ్బుల సంగతి ఎలాగూ అడుగుతారు. తల్లికి వందనం ఒకటి నుంచి ఇంటర్ దాకా, 2025 జూన్ 12న మొదలైంది, పిల్లాడికి 15,000, అందులో 2,000 స్కూళ్ళ నిర్వహణకి పోగా 13,000 తల్లి ఖాతాలో. హాజరు 75 శాతం చూస్తారు. పేరు జాబితాలో ఉండి డబ్బు రాలేదంటే చాలాసార్లు తల్లి బ్యాంకు ఖాతా ఆధార్‌తో ఎన్‌పీసీఐలో, అంటే బ్యాంకుల మధ్య డబ్బు పంపే సంస్థ లెక్కలో, కలవలేదని అర్థం, అది బ్యాంకులో అడగాలి, స్కూల్‌ని అడిగి లాభం లేదు. డిగ్రీ, ఇంజినీరింగ్ ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి జ్ఞానభూమి అనే గవర్నమెంటు వెబ్‌సైట్, అక్కడా ఇవే పేర్లు, ఇవే అక్షరాలు.

ఏడో పని: డిగ్రీలోకి వెళ్ళాక

ఇక్కడ క్రెడిట్లు అని కొత్త లెక్క. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ 2021 జులైలో మొదలైంది, పాసైన ప్రతి పేపర్‌కీ వచ్చిన క్రెడిట్లు ఒక ఖాతాలో జమ అవుతాయి, మధ్యలో కాలేజీ మారినా చదువు ఆపి మళ్ళీ మొదలెట్టినా అవి పనికొస్తాయి, మామూలుగా ఏడేళ్ళ దాకా. ఎచ్చెర్ల అంబేడ్కర్ యూనివర్సిటీ కింద డిగ్రీ అయినా, విజయనగరం జేఎన్టీయూ గురజాడ కింద ఇంజినీరింగ్ అయినా నంబర్ అడుగుతారు. స్కూల్లోనే అపార్ వచ్చుంటే అదే ఇవ్వండి, ఫ్రెండ్ చేయించాడని కొత్తది చెయ్యకముందు డిజీలాకర్ తెరిచి చూడండి. క్రెడిట్లు వేసేది యూనివర్సిటీ, మనం కాదు, కాబట్టి ప్రతి సెమిస్టర్ రిజల్ట్ వచ్చిన రెండు మూడు నెలలకి పడ్డాయో లేదో చూసి, పడకపోతే కాలేజీ ఎగ్జామ్ సెక్షన్‌లో రాతపూర్వకంగా ఇవ్వండి.

ఎక్కడా పని అవ్వకపోతే

నోటిమాటతో తిరగొద్దు. ముందు హెచ్‌ఎం గారికి కాయితం. రెండు వారాల్లో కదలకపోతే మండలంలో ఎంఈఓ ఆఫీసు, అక్కడ ఎంఐఎస్ కోఆర్డినేటర్ ఉంటారు, యూడైస్ గురించి మండలంలో అందరికన్నా ఎక్కువ తెలిసింది వాళ్ళకే. ఆ తర్వాత డీఈఓ, అంటే జిల్లా విద్యాశాఖ అధికారి. అప్పటికీ కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్ జరుగుతుంది, అక్కడ పెట్టి రసీదు తీసుకోండి. కాయితంలో కథంతా రాయక్కర్లేదు: పిల్లాడి పేరు, పెన్, ఇప్పటి స్కూల్ కోడ్, పాత స్కూల్ పేరు కోడ్, ఇప్పుడు ఏముంది, ఏమి ఉండాలి, ఏ రోజు ఎవరికి ఇచ్చారు, మీ ఫోన్ నంబర్. వెనకాల బర్త్ సర్టిఫికెట్, ఆధార్, టీసీ జెరాక్సులు కుట్టండి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకుని ఆ కవర్లోనే పెట్టుకోండి. ఆధార్ జెరాక్సు ఇచ్చిన ప్రతిచోటా దాని మీద అడ్డంగా ఏ పనికి ఇచ్చారో, తేదీతో సహా పెన్నుతో రాసి ఇవ్వండి.